చిత్రసీమకు వెలుపలి ఘంటసాల

ఘంటసాల వేంకటేశ్వరరావు పేరు వినగనే మనసున మెదలునవి సినిమా పాటలు. అందు తప్పేమియు లేదు. ‘పాతాళభైరవి’ (1951), ‘దేవదాసు’ (1953), ‘మాయాబజారు’ (1957) చూచిన తరమునకు అది పరాయి గొంతు కాదు, ఇంటి గొంతు. కాని చిత్రకథతో పని లేక, నటుని పెదవుల కదలికకు ఒదుగవలెనను నిర్బంధము లేక, తమకు నచ్చిన కవితను తమకు తోచిన రాగమున కట్టి వారు పాడిన పాటలును పద్యములును వేరొక రాశి కలదు. గ్రామఫోను కంపెనీవారు వానిని ప్రైవేటు రికార్డులనెడివారు. గాయకుడు తన విద్యకు తానే యజమానియై పాడినదేదో తెలియవలెనన్న ఆ రాశినే వెదకవలెను.

వారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ సమీపమున చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్య మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడెడి భక్తుడు. కుమారుని భుజమున నెక్కించుకొని భజనలకు తీసికొనిపోవుచుండెను. తండ్రి పాడుచుండ పసివాడు నర్తించుటయు, జనులు ముచ్చటపడుటయు నిత్యకృత్యము. కొడుకు సంగీత విద్వాంసుడు కావలెనని సూరయ్య కోరెను. కాని ఆ కోరిక ఫలించుట చూడకయే, బాలుడింకను చిన్నవాడై యుండగనే కన్నుమూసెను.

తండ్రి మాట బాలుని వెన్నాడెను. వ్రేలి ఉంగరమునమ్మి, ఆ డబ్బుతో విజయనగరము చేరి, మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థి యయ్యెను. పట్రాయని సీతారామశాస్త్రి గురువై ఆదరించిరి. విద్యకు లోటు లేదు, అన్నమునకే లోటు. జోలె భుజమున వేసికొని ఇల్లిల్లు తిరిగి మధుకరము తెచ్చుకొని చదువుకొనవలసివచ్చెను. ఆ కాలపు విద్యార్థులకు మధుకరము అవమానము కాదందురు. కావచ్చును, ఆకలి మాత్రము ఏ కాలమునందైనను ఆకలియే. విద్య ముగిసి స్వగ్రామము చేరిన కొలదికాలమునకు 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమము వచ్చినది. అందు పాల్గొని కారాగారవాసమును అనుభవించిరి.

1944లో సావిత్రమ్మతో వివాహమైనది. ఆ సందర్భముననే రచయిత సముద్రాల రాఘవాచార్యుల పరిచయము లభించి మద్రాసుకు దారి చూపినది. ఆ గొంతు మైకునకు పనికిరాదను తీర్పును కూడ మొదట వినవలసివచ్చినదని ప్రతీతి. బాలాంత్రపు రజనీకాంతరావు రేడియోలోను, హెచ్.ఎం.వి. కంపెనీలోనున్న పేకేటి శివరాం రికార్డులలోను అవకాశము కల్పించిరి. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో పాడిరి. అటుపిమ్మట చిత్రసీమలో వారి యెదుగుదల లోకవిదితము.

ప్రైవేటు రికార్డులలో ఘంటసాల చేసిన పనిని గ్రహించుటకు నాటి పద్యగానరీతి నెరుగవలెను. రంగస్థలముపై నటుడు పద్యము నెత్తుకొన్నచో చివరి పాదము దాటిన పిదప రాగాలాపన ఎంతసేపు సాగునో చెప్పుట కష్టము. వన్స్ మోర్ అని జనము కేకలు వేసినచో మరల మొదలు. అందు గొప్ప గాయకులుండిరి. అయినను రాగపు వెల్లువలో మాట మునిగిపోవుట తరచుగా జరిగెడిది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డుపై ఒక వైపున మూడు నిమిషములు దాటి కొద్దిగ మాత్రమే పట్టును. అంత ఇరుకున దీర్ఘాలాపనకు చోటెక్కడిది?

ఆ ఇరుకునే ఘంటసాల గుణముగ మార్చుకొనిరి. గణముల లెక్కను బట్టిగాక అర్థమును బట్టి పద్యమును విరిచిరి. భావము నిలుచుచోట ఊపిరి నిలిపి, సమాసము తెగరానిచోట తెగనీయక, రాగమును మాట వెనుక నడిపించిరి. ముందు పదము స్పష్టముగ వినబడును. దాని వెంట రాగచ్ఛాయ మెరసి తొలగును. తరగతిలో పద్యము చదువు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు.

జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’, ‘కుంతీకుమారి’ ఈ విధముగ ఇంటింటికి చేరినవి. పూజకు పూలు కోయబోయిన కవితో పూలు తమ గోడు చెప్పుకొనగా, అతడు కోయలేక మరలి వచ్చుట మొదటిదాని వస్తువు. పద్యముల నడుమ చిన్న చిన్న వచనములు పలికి, రాగము మార్చుచు ఘంటసాల దానినొక నాటికవలె నడిపిరి. కన్నబిడ్డను నదిపాలు చేయు కుంతి దుఃఖమునందును అదే పొదుపు. ఏడ్చునది పాత్ర, గాయకుడు కాదు. పుస్తకము పట్టని చేతులకు కూడ కరుణశ్రీ కవిత అందినదన్న ఆ నల్లని పళ్లెముల పుణ్యమే. కవియశస్సునకు గాయకుడు ఇంతగ తోడ్పడిన సందర్భములు మనకెక్కువ లేవు.

స్వతంత్రత నాశించిన వేరొక ప్రయత్నము మాత్రము వారికి కలిసిరాలేదు. ‘పరోపకారం’ (1953), ‘సొంతవూరు’ (1956), ‘భక్త రఘునాథ్’ (1960) చిత్రములను నిర్మించి నష్టపడిరి.

1970లో పద్మశ్రీ వచ్చినది. 1971లో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములలో ప్రదర్శనలిచ్చిరి. అప్పటికే మధుమేహము దేహమును క్రుంగదీయుచుండెను. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుచుండగా గుండెనొప్పి వచ్చినది. సినిమా పాటలు తగ్గించుకొనవలసిన ఆ స్థితిలో వారు తలపెట్టినది భగవద్గీత. ఇప్పుడు చేతిలోనున్నది మూడు నిమిషముల పళ్లెము కాదు. వైపునకు ఇరువది నిమిషములకు పైగా పట్టు లాంగ్ ప్లే రికార్డు. ఏడువందల శ్లోకములలో నూటికి కొంచెము పైబడి ఎన్నుకొని, శ్లోకమునకు తగిన రాగము కూర్చి, తెలుగు తాత్పర్యమును తామే చెప్పిరి. చిరకాలముగ వారికి సంగీతసహాయకులుగ నుండిన పట్రాయని సంగీతరావు విజయనగరపు గురువుగారి కుమారులే.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో, ఏబదియొక్క యేండ్ల వయస్సున ఘంటసాల మరణించిరి. గీత రికార్డు ఆ తరువాతనే విడుదలయైనది.

నేడు కోస్తా గ్రామములలోనేమి, హుజూర్‌నగర్, గరిడేపల్లి వైపు పల్లెలలోనేమి, శవయాత్ర సాగునపుడు ఆ గీతాగానము మైకులో వినబడుట పరిపాటియైనది. అది దూరమున వినగానే, ఎవరు పోయిరోయని వాకిట నిలిచి అడుగువారే యెక్కువ. విల్లు జారవిడిచి కూలబడిన వీరుని లేపి నిలుపుటకు చెప్పిన మాటలవి. రోగముతో పెనుగుచు పాడిన గాయకుడును వానిని బ్రతికియున్నవారి కొరకే పాడెను. శవయాత్ర లేని యొక ఉదయమున ఆ రికార్డును మొదటినుండి పెట్టి విన్నచో, తాత్పర్యము చెప్పు ఆ గొంతులో విషాదము లేదని విద్యార్థులకు సులభముగ తెలియును.