తీగకు గొంతునిచ్చిన పనివాడు: లియో ఫెండర్

మన ఉర్దూ వాడుకలో ఉస్తాద్ అనే మాటకు రెండు ఇళ్ళున్నాయి. సంగీత సభలో సితారును ఒడిలో ఉంచుకొని కూర్చున్న విద్వాంసుడు ఉస్తాద్. వీధి మలుపులో, నూనె మరకల చొక్కాతో, పాడైన మోటారును విప్పి ముందు పెట్టుకొని కూర్చున్న పనివాడూ ఉస్తాదే. ఇద్దరికీ ఒకే మాటతో గౌరవమిచ్చిన పెద్దల వివేకానికి మేము అనేక పర్యాయాలు ఆశ్చర్యపడ్డాము. అయినా లోకం మొదటి ఉస్తాదును తలచుకొన్నంతగా రెండవ ఉస్తాదును తలచుకోదు. వాద్యం వాయించిన వాని పేరు నిలుస్తుంది. వాద్యం చేసిన వాని పేరు మరుగున పడుతుంది. ఈ నియమానికి లోబడని కొద్దిమందిలో అమెరికా దేశస్థుడైన లియో ఫెండర్ ఒకడు. గిటారు వాయించడం గాని, కనీసం దానిని శ్రుతి చేయడం గాని జీవితాంతం నేర్వని ఈ మనిషి, ఇరవయ్యవ శతాబ్దపు గిటారుకు కంఠాన్ని సమకూర్చాడు. అది ఎట్లా సాధ్యమయిందో మా విద్యార్థులకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల నడిమి ప్రాంతంలో, నారింజ తోట సాగు చేసికొనే కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదవ ఏట కంటిలో కణితి ఏర్పడగా వైద్యులు ఆ కంటిని తొలగించవలసి వచ్చింది. ఆనాటి నుండి గాజు కన్నుతోనే ఆయన బ్రతుకు సాగింది. బాల్యంలో పియానో, సాక్సఫోను కొంతకాలం అభ్యసించాడు గాని సంగీతకారుడు కాలేదు. పదమూడు, పద్నాలుగేండ్ల ప్రాయంలో, కార్లకు విద్యుత్ పనులు చేసే బంధువు ఒకరి దుకాణానికి వెళ్ళినప్పుడు, ఆ బంధువు స్వయంగా కట్టిన రేడియో నుండి వెలువడిన బిగ్గర సంగీతం ఆ పిల్లవాని మనస్సును పట్టుకొన్నది. పాటను మించి, ఆ పాటను అంత దూరం మోసుకొని వచ్చిన యంత్రం ఆయనను ఆకర్షించింది. ఆ ఆకర్షణయే ఆయన జీవితాన్ని నడిపింది.

కాని కళాశాలలో ఆయన చదివినది విద్యుచ్ఛాస్త్రం కాదు, పద్దుల విద్య. ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో అకౌంటెన్సీ చదివి, ఉద్యోగానికి కుదిరాడు. 1934లో ఎస్తేర్ అనే యువతిని వివాహమాడాడు. అవి అమెరికాలో ఆర్థిక మాంద్యం విలయతాండవం చేస్తున్న దినాలు. రాష్ట్ర రహదారుల శాఖలో పద్దులు వ్రాసే కొలువు పోయింది. తరువాత ఒక టైర్ల కంపెనీలో దొరికిన కొలువు కూడా నిలువలేదు. చదువుకొన్న చదువు కూడు పెట్టలేదని తేలిన ఆ క్షణంలో ఎందరో యువకులు క్రుంగిపోతారు. లియో 600 డాలర్లు అప్పు చేసి, 1938లో ఫుల్లర్టన్‌లో ఒక రేడియో రిపేరు దుకాణం తెరిచాడు. కాలక్షేపంగా నేర్చిన చేతిపని జీవనాధారమైంది.

ఆ దుకాణానికి గృహస్థుల రేడియోలతో పాటు వాద్యకారుల ఆంప్లిఫయర్లూ, విద్యుత్ గిటార్లూ మరమ్మతుకు రాసాగాయి. ఆ గిటారుల ప్రాణం పికప్ అనే చిన్న భాగంలో ఉంటుంది. దాని నిర్మాణాన్ని ఇక్కడ కొంచెం వివరించక తప్పదు. మన పట్టణాలలో మోటారు వైండింగ్ దుకాణాల ముందు ఆగి చూచినవారికి ఇది సులభంగానే బోధపడుతుంది. ఉక్కు తీగల క్రింద చిన్న అయస్కాంతపు కడ్డీలను నిలబెట్టి, వాటి చుట్టూ ఎనామెల్ పూసిన సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టుతారు. అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ క్షేత్రం కూడా అదే వేగంతో చలిస్తుంది. ఆ చలనం వల్ల రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు జనిస్తుంది. కమ్మరి కుమారుడై, పుస్తకాలకు అట్టలు కట్టే పనిలో పెరిగిన మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. ఆ స్వల్ప విద్యుత్తును ఆంప్లిఫయర్ పెంచి పెద్దది చేయగా, లౌడ్ స్పీకర్ దానిని మరల ధ్వనిగా మార్చుతుంది.

ఈ ఉపాయం ఫెండర్ కనిపెట్టినది కాదు. ఆయన కంటె ముందే జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడు గుర్రపు లాడము వంటి అయస్కాంతాలతో పికప్ నిర్మించగా, 1932లో రికెన్‌బేకర్ వారి సంస్థ దానితో కూడిన హవాయి గిటారును అంగడికి తెచ్చింది. నృత్యశాలలలో బాకాల మ్రోత మధ్య గిటారు వినబడకపోవడమే ఈ అన్వేషణకు కారణం. కాని బోలు చెక్కపెట్టె గల మామూలు గిటారుకు పికప్ బిగించి ధ్వని పెంచితే, స్పీకరు నుండి వచ్చిన శబ్దం పెట్టెను అదరగొట్టి, ఆ అదురు మరల పికప్‌లోకి చేరి, చెవులు చిల్లులు పడేటట్లు కూత పుట్టేది. ఈ చిక్కుకు పరిష్కారం బోలు లేని చెక్క దిమ్మ అని పలువురు గ్రహించారు. దానిని సామాన్య వాద్యకారుని చేతికి అందజేసిన వాడు ఫెండర్.

డాక్ కాఫ్‌మన్ అనే మిత్రునితో కలిసి లియో ఒక పికప్‌ను రూపొందించి 1944లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. దానిని పరీక్షించడానికి ఒక ముతక గిటారు కట్టగా, ఊరి వాద్యకారులు దానినే అద్దెకు పట్టుకొని పోయి కచేరీలలో వాయించారు. పరీక్ష కొరకు చేసిన వస్తువే కావాలని జనం అడిగినప్పుడు తెలివిగల పనివాడు చెవి ఒగ్గి వింటాడు. 1946లో కాఫ్‌మన్ విడిపోగా లియో తన పేరుతోనే కర్మాగారం స్థాపించాడు. 1950లో చెక్క దిమ్మ గిటారు బజారులోకి వచ్చింది. మొదట పెట్టిన బ్రాడ్‌కాస్టర్ అన్న పేరుకు మరొక సంస్థ అభ్యంతరం చెప్పడంతో 1951లో దానికి టెలీకాస్టర్ అని పేరు మార్చారు. దాని మెడ నాలుగు మరలతో దిమ్మకు బిగింపబడి ఉండేది. చెడిపోతే విప్పి మరొకటి వేసికోవచ్చు. మరమ్మతుదారుని బుద్ధీ, పద్దులు వ్రాసినవాని పొదుపూ ఆ నాలుగు మరలలో కలిసి కనబడతాయి. అదే 1951లో ఆయన ప్రెసిషన్ బాస్ అనే వాద్యాన్ని కూడా ఇచ్చాడు. మనిషి ఎత్తు మించిన డబుల్ బాస్‌ను మోయలేని వారికి, భుజాన తగిలించుకొనే వీలుతో, మన వీణకు వలె మెట్లతో అది లభించింది.

సాయంకాలాలలో లియో నృత్యశాలలకు వెళ్ళి, తన వాద్యాలు ఎట్లా పలుకుతున్నవో వినేవాడు. లోపం కనబడితే సరిచేసేవాడు. బిల్ కార్సన్ వంటి గిటారు విద్వాంసులు వచ్చి, దిమ్మ అంచు ప్రక్కటెముకలను ఒరుసుకొంటున్నదని, మరొక పికప్ ఉంటే మేలని ఫిర్యాదు చేసేవారు. 1953లో చేరిన ఫ్రెడ్డీ టవారెస్ స్వయంగా వాద్యకారుడు. వీరందరి సహాయంతో 1954లో స్ట్రాటోకాస్టర్ వెలువడింది. శరీరానికి ఒదిగే వంపులు, మూడు పికప్‌లు దాని విశేషం. తాను వాయించలేడు గనుకనే లియో వాయించేవారి మాట పూర్తిగా విన్నాడని మా అభిప్రాయం. తెలియనితనం సిగ్గుపడవలసినది కాదు. తెలిసినవారిని అడుగకపోవడమే సిగ్గుపడవలసినది.

ఆ పికప్‌ల తయారీలోని నేర్పు గమనింపదగినది. స్ట్రాటోకాస్టర్ పికప్‌లో సుమారు 0.06 మిల్లీమీటర్ల మందం గల తీగను రమారమి 8,000 చుట్లు చుట్టుతారు. చుట్లు పెంచితే ధ్వని బలం పెరుగుతుంది గాని, తారస్థాయి మెరుపు తగ్గి గొంతు మొద్దుబారుతుంది. అయస్కాంతం బలం మితిమీరితే అది ఉక్కు తీగనే పట్టి లాగి, నాదాన్ని త్వరగా ఆర్పివేస్తుంది. చుట్లు వదులుగా ఉంటే అవే అదిరి కూత పెడతాయి గనుక వాటిని లక్కపూతతోనో మైనంతోనో కదలకుండా చేయాలి. ఆరు తీగలూ సమంగా వినబడడానికి కడ్డీల ఎత్తులను వేర్వేరుగా అమర్చారు. బ్రిడ్జి వద్ద సన్నని తీగల గొంతు పదునుగాను, లావు తీగల గొంతు నిండుగాను పలకడానికి అక్కడి పికప్‌ను ఏటవాలుగా బిగించారు. ఇవన్నీ పుస్తకం చూచి చేసిన లెక్కలు కావు. చేసి, విని, విప్పి, మరల చేసిన ప్రయోగాలు.

ఆ చుట్లు చుట్టిన చేతులను మరువరాదు. 1956లో ఆ కర్మాగారంలో చేరిన అబిగైల్ ఇబర్రా అనే కార్మికురాలు దశాబ్దాల పాటు పికప్‌లు చుట్టింది. తిరిగే యంత్రానికి తీగను వ్రేళ్ళతో అందించడంలో ఏ రెండు చుట్టలూ అచ్చుగుద్దినట్లు ఒకటిగా ఉండవు. ఆ స్వల్ప భేదంలోనే మాధుర్యం ఉన్నదని తరువాతి తరం గిటారు ప్రియులు ఆమె చుట్టిన వాటిని వెదకి కొన్నారు. లియో పేరు గిటారు తలపై ముద్రింపబడి ఉంటే, ఆమె పని తీగల క్రింద కనబడకుండా దాగి ఉన్నది.

లోపాలు లేకపోలేదు. ఒంటి చుట్ట పికప్ తీగ నాదంతో పాటు చుట్టుప్రక్కల విద్యుత్ సరఫరా రొదను కూడా పట్టుకొంటుంది. గిబ్సన్ సంస్థలో పనిచేసే సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి, రొద రద్దయ్యేటట్లు, నాదం మాత్రం కూడేటట్లు చేశాడు. ఫెండర్ కూడా 1957లో తన బాస్ పికప్‌ను రెండు ముక్కలుగా విభజించి, నాలుగు తీగలను చెరి రెండుగా పంచి, ఆ సూత్రాన్నే తన పద్ధతిలో సాధించాడు.

1950వ దశకం నడిమి నుండి లియోను సైనస్ సంబంధమైన వ్యాధి పీడించసాగింది. ఇక బ్రతుకననే భయంతో 1965 జనవరిలో సంస్థను సి.బి.ఎస్. వారికి 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. సంస్థతో పాటు పేరు కూడా చేతులు మారింది. ఆ తరువాత తన గిటారుపై తన పేరు వేసికొనే హక్కు ఆయనకు లేకపోయింది. విధి విలాసమేమో, కొన్నేండ్లకు మరొక వైద్యుని చికిత్సతో ఆయన ఆరోగ్యవంతుడయ్యాడు. ధనం ఉన్నది, ఆరోగ్యం ఉన్నది, కీర్తి ఉన్నది. పేరు మాత్రం పరుల సొత్తయింది. ఇక్కడ ఆ మనిషికి నిజమైన పరీక్ష ఎదురైంది. విశ్రాంతి తీసికొని పాత కీర్తిని అనుభవించవచ్చు. లేదా పేరు లేకుండానే పనిని మరల మొదలుపెట్టవచ్చు. ఆయన రెండవ దారి పట్టాడు. మ్యూజిక్ మాన్ అనే సంస్థలో పనిచేసి, 1976లో స్టింగ్‌రే అనే బాస్ వాద్యాన్ని తెచ్చాడు. 1979లో భార్య ఎస్తేర్ మరణించింది. ఏడు పదుల వయస్సులో, పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అనే సంస్థను ప్రారంభించి, సెరామిక్ అయస్కాంతాలతో క్రొత్త తరహా పికప్‌లు రూపొందించాడు. తాను చేసిన తొలి పికప్‌లను ప్రపంచం పూజిస్తుండగా, వాటిని మించినవి చేయాలని తాపత్రయపడినవాడు ఆయన ఒక్కడే కాబోలు. పార్కిన్సన్ వ్యాధి చేతులను వణికిస్తున్నా పనిబల్ల విడువలేదు. 1991 మార్చి 21న మరణించాడు. దాని ముందటి రోజు కూడా ఆయన పనికి వెళ్ళాడు.

చేసినవాడు ఊహింపని రీతులలో వస్తువు జీవిస్తుంది. ఎడమచేతి వాటం గల జిమీ హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ను తలక్రిందులుగా పట్టి, 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవంలో వాయించాడు. అప్పుడు పికప్ వాలూ, కడ్డీల ఎత్తులూ అన్నీ తారుమారై క్రొత్త గొంతు పలికింది. అదే 1969లో మన పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రపంచాన్ని మెప్పించాడు. మామూలు మాండలిన్ నాదం మీటిన వెంటనే ఆరిపోతుంది. గమకానికి నాదం నిలవాలి. ఆ నిలుపుదలను విద్యుత్తు ఇచ్చింది. దాని మూలం తీగ క్రింది అయస్కాంతమూ రాగి చుట్టలే.

మా కళాశాలలో పద్దుల శాస్త్రం చదివేవారున్నారు, భౌతిక శాస్త్రం చదివేవారున్నారు, సాయంకాలం తండ్రుల దుకాణాలలో చేతులు మాపుకొనేవారూ ఉన్నారు. ఈ మూడవ సంగతిని స్నేహితుల ముందు చెప్పుకోవడానికి కొందరు సంకోచిస్తారని మేము ఎరుగుదుము. వారికి ఈ ఒంటికంటి రేడియో మెకానిక్ కథను కానుకగా ఇస్తున్నాము. డిగ్రీ చేతికి వచ్చిన నాడు చేతిపనిని విడువకండి. చేతిపని నేర్చిన నాడు చెవి ఒగ్గడం మరువకండి. ఈ రెండూ కలిసినచోట ఉస్తాద్ అనే మాటకున్న రెండు ఇళ్ళూ ఒకటవుతాయి.