సహనానికి హద్దు ఎక్కడ? – గుర్రం జాషువా జీవితం

మన ధర్మాన్నో, పుట్టుకనో నలుగురిలో ఎవరైనా హేళన చేస్తే ఎంతవరకు ఓర్చుకోవాలి, ఎక్కడ నోరు విప్పాలి అని యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. ఉద్దానం కొబ్బరి తోటల మధ్య, కవిటిలో కూర్చుని ఎక్కడో వినుకొండలో పుట్టిన కవి గురించి రాయడానికి కారణం ఈ ప్రశ్నే. ఆయన ముస్లిం కాదు. అయినా ఈ పరీక్షను ఆయనంతగా ఎదుర్కొన్నవారు తెలుగునాట తక్కువ.

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న జన్మించారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, కుటుంబం క్రైస్తవం. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, ఈ కులంవాడిని సభలోకి ఎలా రానిచ్చారని కొందరు అవమానించారు. మరోపక్క, హిందూ పురాణ విషయాలపై రాస్తున్నాడని సొంత క్రైస్తవ సమాజమే ఆయనను వెలివేసింది. రెండు వైపుల నుండీ దెబ్బలే.

ఆయన తిట్టినవారిని తిరిగి తిట్టలేదు. అలాగని ఊరుకోనూ లేదు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో గుడిలో అడుగు పెట్టనివ్వని ఒక పేదవాడు, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలం ద్వారా తన మొరను శివునికి పంపుకుంటాడు. గమనించండి, అవతలివారి దేవుణ్ణి దూషించలేదు, ఆ దేవుని ముందే ఫిర్యాదు పెట్టారు. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని అన్ఆమ్ సూరా మనకు నేర్పే మర్యాద కూడా ఇదే. కులవ్యవస్థను మాత్రం ఆయన పాముతో పోల్చారు. మాట కటువే. కానీ అది వ్యవస్థ మీద, మనిషి మీద కాదు. చెడు మాటను బహిరంగంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదంటూనే, అన్యాయానికి గురైనవానికి నిసా సూరా మినహాయింపు ఇచ్చింది కదా! తనకు జరిగిన అవమానాన్ని మనిషి క్షమించవచ్చు. తనవారికి జరిగే జుల్మ్‌ను క్షమించే హక్కు అతనికి ఎక్కడిది?

ఇక మన సహనానికీ ఒక పరీక్ష ఉంది. 1932 నాటి ‘పిరదౌసి’లో జాషువా షానామా కవి ఫిర్దౌసీ కథ చెప్పారు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని చెప్పి వెండితో సరిపెట్టిన మహ్మూద్ గజ్నవీని ఆ కావ్యం దోషిగా నిలబెడుతుంది. సుల్తాన్ పేరు వినగానే ఉప్పొంగే మనవాళ్ళకు ఇది రుచించకపోవచ్చు. మాకైతే ఇందులో నొచ్చుకోవలసింది ఏమీ కనిపించలేదు. మాట తప్పినవానిని మాట తప్పాడనడం విమర్శే గాని ఇస్లాంను నిందించడం కాదు. ఈ తేడా తెలియక ప్రతి మాటకూ ఆవేశపడితే, నిజంగా దూషణ ఎదురైన రోజున మన మాట ఎవరు వింటారు?

1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న ఆయన మరణించారు. ఈ బిరుదులన్నిటి కంటే మాకు గుర్తుండిపోయినది వేరొకటి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, బ్రాహ్మణుడు, వయసులో ఎంతో పెద్దవారు. ఆయనే స్వయంగా వంగి జాషువా కాలిని తాకి గండపెండేరం తొడిగారు.