రహీమ్ మాస్టారు

మన భారత ఫుట్‌బాల్ జట్టు ఒకప్పుడు ఆసియాలో మేటి జట్టు అంటే ఇప్పుడు నమ్మడం కష్టం. కానీ నిజం. ఒలింపిక్స్‌లో ఒకసారి నాలుగో స్థానం, ఆసియా క్రీడల్లో రెండుసార్లు స్వర్ణ పతకం మన జట్టు సాధించింది. ఈ మూడూ ఒకే మనిషి కోచ్‌గా ఉన్న కాలంలో వచ్చాయి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్‌లో అభిమానులు ఆయన్ను రహీమ్ సాబ్ అని పిలుచుకునేవారు.

2024లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ సినిమా చూసిన మిత్రులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. అజయ్ దేవగణ్ ఆయన పాత్ర వేశారు. ఆ సినిమా 1952 తర్వాతి పదేళ్ల కథ. మేము ఇంకాస్త ముందు నుంచి చెప్పాలనుకుంటున్నాం. ఎందుకంటే కోచ్ కాకముందు రహీమ్ గారు బడిలో పాఠాలు చెప్పే మాస్టారు. ఓడిపోయే జట్టును గెలిచే జట్టుగా ఆయన ఎలా మార్చారో తెలియాలంటే ఆ బడి సంగతి తెలియాలి.

బడి నుంచి మైదానానికి

రహీమ్ గారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు హైదరాబాద్ నిజాం పాలనలో ఉంది. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి బి.ఎ. పట్టా తీసుకున్నారు. చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. చదువు పూర్తయ్యాక ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, పిల్లలకు ఆటలు నేర్పే పని మీద మనసు పెట్టారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చివరిదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. కార్యదర్శి అంటే కాగితాలు రాసుకుంటూ కూర్చోవడం కాదని ఆయన చేసిన పనులు చూస్తే తెలుస్తుంది.

మనం బడిలో ఆడేటప్పుడు గమనించే ఉంటాం. బంతి దొరికితే చాలు, దాన్ని ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాదు. నలుగురిని తప్పించుకుంటూ ఒంటరిగా పరుగెత్తాలనిపిస్తుంది. దీన్నే డ్రిబ్లింగ్ అంటారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. చివరికి ఐదో మనిషి బంతి లాక్కుంటాడు. హైదరాబాద్ కుర్రాళ్లూ అలాగే ఆడేవారు. రహీమ్ మాస్టారు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నియమంతో పోటీలు పెట్టారు. అలాంటి ఆటలో బంతి అందగానే తల ఎత్తి చూడాలి. మనవాడు ఎక్కడున్నాడో వెతికి వెంటనే అందించాలి. చాలామందికి ఒక కాలే బాగా ఆడుతుంది కదా? అందుకని బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు.

కుర్రాళ్లను తిట్టి మార్చాలని ఆయన చూడలేదు. తప్పు చేయడానికి వీల్లేని ఆట తయారుచేసి, అందులో వాళ్లను దింపారు. లెక్కల మాస్టారు ఒకే రకం లెక్కలు పది ఇచ్చి చేయి తిప్పించినట్టు అన్నమాట. బడిలో పనిచేసిన మనిషికే ఇలాంటి ఆలోచన వస్తుందని మాకు అనిపిస్తుంది.

పోలీసు జట్టు

1950లో రహీమ్ గారు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకు లక్షల మంది అభిమానులు. దక్షిణాది నుంచి వచ్చిన పోలీసుల జట్టు వాటి ముందు నిలుస్తుందని ఎవరు అనుకుంటారు?

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ అప్పట్లో దేశంలోని పెద్ద పోటీల్లో ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఆ కప్పు గెలిచింది. అప్పట్లో ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్ కూడా తెచ్చుకుంది. తర్వాత రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు వరసగా రెండుసార్లు, 1956–57లోనూ 1957–58లోనూ గెలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటి ఆటగాళ్లు దేశానికంతా పరిచయమయ్యారు.

తులసీదాస్ బలరామ్ సంగతి చెప్తే రహీమ్ గారి పద్ధతి ఇంకా బాగా అర్థమవుతుంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు బలరామ్. అతని ఆట చూసి రహీమ్ గారు శిక్షణకు రమ్మన్నారు. ఊరు దూరం. రోజూ వచ్చి వెళ్లడానికి ఆ అబ్బాయి దగ్గర డబ్బు లేదు. ఆ కష్టం తెలుసుకుని సైకిల్ అద్దెకు రహీమ్ గారే డబ్బు ఇచ్చారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రాడే తర్వాత రెండు ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున ఆడాడు.

పది గోల్స్ ఓటమి

భారత జట్టు బాధ్యత కూడా రహీమ్ గారికే వచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో మనవాళ్లు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచారు. ఆ గోల్ మేవాలాల్ చేశాడు. దేశమంతా సంబరపడింది.

మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. 1952లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో ఒలింపిక్స్. మొదటి ఆటే యుగోస్లావియాతో. అది చాలా బలమైన జట్టు, ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. మన దేశంలో అప్పటికి అదే అలవాటు. చలిదేశపు మైదానంలో బూట్లు వేసుకున్న ఆటగాళ్ల ముందు ఆ అలవాటు పనికిరాలేదు. మన జట్టు 10–1తో ఓడిపోయింది.

ఇంత పెద్ద ఓటమి తర్వాత ఎవరి మీదైనా నింద వేసి ఊరుకోవచ్చు. అలా కాకుండా ఏం మారాలో చూశారు. ఇక మీదట బూట్లు తప్పనిసరి అని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది. రహీమ్ గారు జట్టు నిలబడే తీరును మార్చే పనిలో పడ్డారు. అప్పట్లో మన జట్లు ఇద్దరినే వెనక ఉంచి, ఐదుగురిని ముందుకు పంపేవి. ఎదుటి జట్టు వేగంగా వస్తే ఆ ఇద్దరూ ఏం చేయగలరు? రహీమ్ గారు ముందున్న ఐదుగురిలో ఒకరిని కొంచెం వెనక్కి తెచ్చి, బంతి పంచే పని అప్పగించారు. క్రమంగా వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 పద్ధతిని మన ఆటలోకి తెచ్చారు. ఇందులో ప్రతి ఒక్కరికీ తన చోటు, తన పని స్పష్టంగా తెలుస్తాయి.

నాలుగేళ్లు గడిచాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. క్వార్టర్ ఫైనల్లో మనవాళ్లు ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డ మీదే 4–2తో ఓడించారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా ఆటగాడు అతడే. ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు కూడా మనదే. సెమీఫైనల్లో ఎదురైంది ఎవరనుకున్నారు? మళ్లీ ఆ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోల్ మనవాళ్లే చేశారు. చివరికి 4–1తో ఓడిపోయారు. తర్వాత బల్గేరియా చేతిలో కూడా ఓడి నాలుగో స్థానంలో నిలిచారు.

ఓడినా ఆ రెండు ఆటల మధ్య తేడా చూడండి. 1952లో పది గోల్స్ తిన్న జట్టు, 1956లో అదే ప్రత్యర్థిని కాసేపు వెనకబడేలా చేసింది. కోచ్ పని కప్పుల లెక్కలోనే కాదు, ఇలాంటి తేడాలో కూడా కనిపిస్తుంది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు కఠినమైన గ్రూపులో పడింది. హంగేరీతో 1–2తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1–1తో సమం చేసింది, పెరూ చేతిలో 1–3తో ఓడింది. ఆ జట్టులో రహీమ్ గారి కుమారుడు సయ్యద్ హకీమ్ కూడా ఉన్నారు. ఆయనకు మాత్రం మైదానంలోకి దిగే అవకాశం రాలేదు. కన్నకొడుకు అయినా సరే, ఆ రోజు ఆటకు ఎవరు కావాలో వాళ్లే ఆడాలి.

జకార్తా

1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీమ్ గారికి క్యాన్సర్. అయినా జట్టుతో వెళ్లారు.

చునీ గోస్వామి కెప్టెన్. పి.కె. బెనర్జీ, బలరామ్, జర్నైల్ సింగ్, పీటర్ తంగరాజ్ వంటి వాళ్లు ఆ జట్టులో ఉన్నారు. మన రైల్వే పిల్లలకు ఒక ముచ్చట. పి.కె. బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి, ఆ జట్టు తరఫునే ఆడేవారు. ఆయన పెరిగిన జంషెడ్‌పూర్ స్టేషన్ టాటానగర్, మన బిలాస్‌పూర్ మీదుగా వెళ్లే హౌరా–ముంబై లైనులోనే ఉంది.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో గెలిచారు. కానీ ఆ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2–0తో ఓడించి సెమీఫైనల్ చేరారు.

ఇక్కడ రహీమ్ గారు ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనక కాకుండా ముందు వరసలో ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ వియత్నాంపై మనవాళ్లు 3–2తో గెలిచారు. అందులో ఒక గోల్ జర్నైల్‌ది.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియాతోనే. స్టేడియంలో సుమారు లక్ష మంది జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. దానికి కారణం ఆట కాదు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వలేదు. దాన్ని భారత అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దాంతో అక్కడి జనానికి కోపం వచ్చి మన రాయబార కార్యాలయం మీద కూడా దాడి చేశారు. అలాంటి హోరులో మనవాళ్లు మైదానంలోకి దిగారు. ఆ రోజు స్టేడియంలో మనవాళ్ల కోసం చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని మన ఆటగాళ్లు తర్వాత గుర్తుచేసుకునేవారు.

పి.కె. బెనర్జీ మొదటి గోల్ చేశారు. కొద్ది నిమిషాలకే జర్నైల్ సింగ్ రెండోది చేశాడు. చివర్లో కొరియా ఒక గోల్ తిరిగి కొట్టింది. ఆట 2–1తో ముగిసింది. స్వర్ణం మనదే. మొదటి ఆటలో తమను ఓడించిన జట్టునే ఫైనల్లో ఓడించారు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీమ్ గారు కన్నుమూశారు. ఆయన వయసు 53 ఏళ్లు.

ఆయన తర్వాత

ఆయన పోయాక భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం గెలవలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కు అర్హత కూడా సాధించలేదు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కోచ్‌లలో ఒకరు పి.కె. బెనర్జీ, రహీమ్ గారి శిష్యుడు. హకీమ్ గారు అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

మనలో చాలామంది అమ్మానాన్నలు రైల్వేలోనో, బొగ్గు గనుల సంస్థలోనో, సీపత్ విద్యుత్ కేంద్రంలోనో పనిచేస్తారు. మూడు నాలుగేళ్లకు ఒకసారి బదిలీ. లింగియాడీహ్ వీధులు, అర్పా నది ఒడ్డు అలవాటయ్యేసరికి సామాన్లు కట్టుకోవాల్సి వస్తుంది. కొత్త ఊళ్లో, కొత్త బడిలో మనకు ఏ జట్టులో చోటు దొరుకుతుందో తెలియదు. కొన్నాళ్లు మైదానం అంచున నిలబడి చూడాల్సి వస్తుంది కూడా.

రహీమ్ గారి భారత జట్టు కూడా అలాంటిదే. బెంగాల్, పంజాబ్, గోవా, హైదరాబాద్, ఇలా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. భాషలు వేరు, తిండి వేరు, ఆడే తీరు వేరు. రహీమ్ గారు వాళ్లను ఒకేలా మార్చాలని చూడలేదు. ఎవరికి ఏ చోటు సరిపోతుందో వెతికారు. సైకిల్ లేనివాడికి సైకిల్ చూపించారు, గాయపడినవాడికి కొత్త చోటు ఇచ్చారు, అందరికీ బంతి అందించడం నేర్పారు.

అందుకే మా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది మన బడి మైదానంలోకి కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా అంచున నిలబడి కనిపిస్తే ముందు పేరు అడగండి. తర్వాత ఏ చోట ఆడతారో అడగండి. ఆ తర్వాత బంతి వాళ్ల వైపు పంపండి.