రసాయనాచార్యుఁడు లీబిగ్ మహాశయుఁడు

జర్మనుదేశమందలి డార్మ్‌స్టాట్ నగరమున 1803వ సంవత్సరము మే నెల 12వ తేదీన యూస్టుస్ లీబిగ్ జన్మించెను. తండ్రి రంగులును మందుదినుసులును విక్రయించుచు, కొన్నింటిని స్వయముగాఁ జేయుచుండెడివాఁడు. ఆ పనిచోటనే బాలునికి రసాయనవిద్యలో ఓనమాలు లభించెను. పాఠశాలను మాత్రము చదువు ముగియకయే విడిచెను. ఉపాధ్యాయవృత్తిలో వృద్ధులమైన మాకు ఈ సంగతి వ్రాయుట కొంచెము కష్టముగానే యున్నది.

బాన్, ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయములలో ఆయనకు రసాయనశాస్త్రమును వినుటయే గాని చేయుట స్వల్పము. 1822లో ప్యారిసు నగరమునకుఁ బోయి, కొంతకాలమునకు గేలూసాక్ పండితుని సొంత ప్రయోగశాలలో గురువు ప్రక్కనే నిలిచి పనిచేసెను. గురుకులవాసమన నిదియే. 1824లో, 21 ఏండ్ల ప్రాయమున, గీసెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందెను.

విద్యార్థులకు ప్రయోగశిక్షణ యొసఁగు శాల యొకటి కావలెనని మరుసటి యేఁడు ఆయన కోరఁగా, విశ్వవిద్యాలయపు పెద్దలు నిరాకరించిరి. ప్రభుత్వోద్యోగులను తయారుచేయుట తమ విధియఁట. మందులు నూఱువారిని, సబ్బులు వండువారిని తయారుచేయుట కాదఁట! చేతిపనిని నమ్ముకొని బ్రదికిన కుటుంబములు మన సంఘమున ననేకములు గలవు. ఈ మాటలోని చుఱుకు వారికి వేఱుగఁ జెప్పనక్కఱలేదు. లీబిగ్ వెనుదీయక, సైనికుల పాత కావలిగృహమున సొంత పూఁచీమీఁదనే శాలను నడిపెను.

క్రొత్తగా వచ్చినవానికి ముందుగా తెలియని పదార్థముల నిచ్చి, అందేమున్నదో తేల్చుమనెడివారు. పిదప సేంద్రియపదార్థముల తూనికపని. దీనికై 1831లో లీబిగ్ ఐదు గోళములుగల చిన్న గాజుపరికరమును కల్పించెను. పంచదారవంటి పదార్థమును రాగిభస్మముతోఁ గలిపి, గాజుగొట్టమున నుంచి, బొగ్గుల నిప్పుతో ఎఱ్ఱగాఁ గాల్తురు. అందలి ఉదజని నీరగును. కర్బనము బొగ్గుపులుసు గాలి యగును. నీటిని కాల్షియము క్లోరైడును, గాలిని గోళములలోని పొటాషు ద్రావణమును పీల్చుకొనును. పనికి ముందును వెనుకను తూఁచినచో, పెరిగిన బరువునుబట్టి పదార్థమున ఏది యెంత గలదో లెక్క తేలును. అంతకుముందు ఆరితేఱిన పండితులకే సాధ్యమైన యీ పరీక్ష ఇట్లు విద్యార్థుల చేతికి వచ్చెను. ప్రతియుదయమును ఒక్కొక్కఁడు తాను నిన్న చేసినదియు నేఁడు చేయఁబోవునదియు గురువునకు నివేదింపవలెను. గురువు ఔననుటయో కాదనుటయో గాని, త్రోవ వెదకుకొనుట శిష్యుని పనియే. పుస్తకములోని ఫలితమును నోటుబుక్కునకు దించుకొను మన బాలురకు అచ్చట చోటుండెడిది కాదు.

న్యాయశాస్త్రమునకై వచ్చిన హాఫ్‌మన్, వాస్తువిద్యకై వచ్చిన కెకూలె రసాయనమున కంకితులైరి. హాఫ్‌మన్ 1845లో లండనునందలి క్రొత్త రసాయన కళాశాలకు అధిపతి యయ్యెను. ఆయన శిష్యుఁడు పెర్కిన్ 18 ఏండ్ల వయసున, 1856లో, కృత్రిమమైన ఊదారంగును కనుఁగొనెను. రంగులవర్తకుని కుమారుఁడు నేర్పిన విద్య మరల రంగుల దుకాణమునకే చేరుట మాకు ముచ్చటగాఁ దోఁచును.

28 ఏండ్ల బోధనచే అలసిన లీబిగ్ 1852లో మ్యూనికు నగరమునకుఁ బోవునపుడు, విద్యార్థుల ప్రయోగశిక్షణభారము తనపై నుండరాదని నియమము చేసికొనెను. 1873 ఏప్రిల్ 18వ తేదీన అచ్చటనే దివంగతుఁడయ్యెను. గీసెన్‌లోని ఆ కావలిగృహము 1920లో ప్రదర్శనశాలగాఁ దెఱవఁబడెను.