సభాకంపం - మహాకవి జాషువా జీవితం



వార్షికోత్సవం దగ్గర పడితే మన హాస్టల్లో రెండు రకాల సందడి మొదలవుతుంది. ఒకటి షామియానా, మైకుసెట్టు, ఆ రోజు వడ్డించే కోడికూర గురించి. రెండోది పైకి కనిపించదు. పాటకో, పద్యానికో, ఏకపాత్రాభినయానికో పేరు ఇచ్చిన పిల్లల కడుపులో జరిగే గడబిడ అది.

నేను ఏడో తరగతిలో ఉండగా హరిశ్చంద్ర కాటిసీనులోని ఒక పద్యం పాడతానని పేరు ఇచ్చాను. వారం రోజులు నీళ్ల ట్యాంకు దగ్గర, సింహాచలం కొండ కింద దారిలో నడుస్తూ, రాత్రి దుప్పట్లో కూడా అదే పాడుకున్నాను. తీరా మైకు ముందు నిలబడేసరికి నోరు ఎండిపోయింది, మోకాళ్లు వణికాయి. మొదటి పాదం తర్వాత ఒక్క ముక్క గుర్తు రాలేదు. తల దించుకుని స్టేజి దిగిపోయాను. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ పద్యం రాసింది గుర్రం జాషువా అని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆయన జీవితం చదివాక నా భయం నాకు కొత్తగా అర్థమైంది. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాను.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు గుంటూరు ప్రాంతంలోది, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. కుటుంబం క్రైస్తవ కుటుంబం. చిన్నప్పటి నుంచి బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సహవాసంతో కవిత్వం మీద మనసు పడింది.

యువకుడిగా ఉండగా వినుకొండలో ఒక అవధాన సభ జరిగింది. కొప్పరపు సోదర కవులు ఆనాడు అవధానాల్లో పేరు మోసినవారు. వారిని గురించి తాను రాసిన పద్యాలను జాషువా ఆ సభలో చదివారు. పద్యాలు బాగున్నాయా లేదా అన్న మాట పక్కకు పోయింది. తక్కువ కులంవాడిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు లేచి ఆయనను అవమానించారు.

తమ్ముళ్లూ, ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. స్టేజి మీద మనకు కలిగే భయం రెండు రకాలు. మొదటిది శరీరానిది. పదిమంది కళ్లు మన మీద పడగానే ఏదో ఆపద వచ్చిందని శరీరం అనుకుంటుంది. ఆడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, చేతులు చల్లబడతాయి. ఇది కలెక్టరు కొడుక్కీ వస్తుంది, కూలివాడి కొడుక్కీ వస్తుంది. పేరున్న గాయకులకూ వస్తుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. రెండో భయం మనతో పుట్టింది కాదు, పక్కవాళ్లు మనలో పెట్టింది. నువ్వు ఇక్కడికి ఎందుకు వచ్చావు, ఇది నీ చోటు కాదు అని ఎవరో ఎప్పుడో మనతోనో, మన తాతతోనో అన్న మాట అది. మైకు ముందుకు వెళ్లగానే అది చెవిలో వినబడుతుంది. వినుకొండ సభలో జాషువాకు ఎదురైంది ఈ రెండోదే. ఆయన మళ్లీ సభల మొహం చూడకుండా ఉండిపోతే తప్పు పట్టేవారు ఎవరుంటారు? కానీ ఆయన ఉండిపోలేదు.

1910లో మేరీగారితో ఆయనకు పెళ్లయింది. మిషనరీ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతంతో పని చేశారు. ఆ ఉద్యోగం కూడా పోయింది. బతుకుతెరువు వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్లారు. అక్కడ 1915, 1916 సంవత్సరాల్లో ఆయన చేసిన పని ఏమిటో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అవి మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మలు కదులుతాయి తప్ప మాటలు వినబడవు. కథ ఏమిటో, ఏ పాత్ర ఏమంటుందో ఒక మనిషి గొంతెత్తి చదువుతూ పోవాలి. జాషువా ఆ వాచకుడి పని చేశారు.

సభాకంపం ఉన్నవాడికి ఇంతకంటే మంచి బడి ఉండదని నాకు అనిపిస్తుంది. జనం చూపు తెర మీద ఉంటుంది, చెవి మాత్రం నీ దగ్గర ఉంటుంది. తడబడినా ఆగడానికి వీల్లేదు, తెర మీద బొమ్మ ఆగదు కదా! చీకట్లో కూర్చున్న జనానికి నీ కులం తెలియదు. నీ గొంతు ఒక్కటే తెలుసు.

ఆ తర్వాత గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్లు పని చేశారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. తరగతి గదిలో నిలబడి చెప్పడం కూడా రోజూ స్టేజి ఎక్కడమే. ఇంకోపక్క జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఉభయ భాషా ప్రవీణ పట్టా పొందారు. విషయం మీద పట్టు చిక్కితే భయం సగం తగ్గుతుంది. ఎవరేమన్నా నాకు ఇది తెలుసు అన్న ధైర్యం ఉంటుంది.

ఆయనకు కష్టం ఒక వైపు నుంచే రాలేదు. కులం పేరుతో హిందువులు కొందరు దూరం పెట్టారు. హిందూ పురాణాల మీద కవిత్వం రాస్తున్నాడని క్రైస్తవులు కొందరు తప్పు పట్టారు. ఆయన రాయడం ఆపలేదు. 1932లో ఫిరదౌసి, 1941లో గబ్బిలం వచ్చాయి. గబ్బిలంలో ఒక అంటరాని పేదవాడు కాశీలో ఉన్న శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తాను గుడిలో అడుగు పెట్టలేడు, గబ్బిలాన్ని ఆపేవాడు లేడు. కాళిదాసు దగ్గర నేర్చుకున్న పద్ధతినే తన వాళ్ల బాధ చెప్పడానికి వాడుకున్నారు. కొండ మీద గుడి గంట వింటూ చదువుకున్న మనకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఇక మన కాటిసీను సంగతి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన సత్యహరిశ్చంద్రీయం నాటకంలో శ్మశానం రంగం వచ్చేసరికి నటులు జాషువా శ్మశానవాటి పద్యాలు కలిపి పాడడం మొదలుపెట్టారు. జనం వన్స్‌మోర్ అని అరిచారు. ఏ మనిషిని సభలోకి ఎందుకు రానిచ్చారని అడిగారో ఆ మనిషి పద్యాలు లేకపోతే నాటకం రక్తి కట్టని రోజు వచ్చింది. ఊరూరా కట్టిన స్టేజీల మీద, అన్ని కులాల నటుల గొంతుల్లో ఆయన పలికారు.

తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు అవధానాల్లో దిట్ట. ఆయన స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఒక అవధాన సభలో అవమానం పొందిన కవికి ఒక మహా అవధాని చేతుల మీదుగా ఈ గౌరవం దక్కింది.

1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ ప్రయోక్తగా పని చేశారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. క్రీస్తు చరిత్ర కావ్యానికి అదే సంవత్సరం కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1970లో పద్మభూషణ్, మన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి కళాప్రపూర్ణ లభించాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

తమ్ముళ్లూ, ఈ జీవితం నుంచి నేను తీసుకున్నది ఇది. శరీరం వణికితే వణకనివ్వండి. రోజూ పదిమంది ముందు గొంతు విప్పితే అది తగ్గుతుంది. ముందు గదిలో నలుగురికి చదవండి, తర్వాత ప్రార్థనలో వార్తలు చదవండి, తర్వాత స్టేజి ఎక్కండి. మొదటి రెండు వాక్యాలు నిద్రలో లేపినా చెప్పగలిగేలా పట్టుకోండి. మరిచిపోతే దిగిపోకండి, ఒక్క ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఇది నీ చోటు కాదన్న మాట వినబడితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. అది మీ లోపం కాదు, అన్నవాడి లోపం.

పెద్ద క్లాసుల పిల్లలకు, ఉద్యోగాల్లో ఉన్న మిత్రులకు ఒక మనవి. ఈసారి ఎవరైనా చిన్నవాడు పద్యం మధ్యలో ఆగిపోతే నవ్వకండి. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టండి. నాకు ఆ రోజు కావలసింది అదే.

- ఒక పూర్వ విద్యార్థి