రాముడి కొలువులో ప్రిన్సిపాల్

సాయంత్రం స్కూలు బస్సు దిగిన పిల్లవాడు కాళ్లు కడుక్కుని, దేవుడి గూటి ముందు దండం పెట్టి, హోంవర్క్ తీస్తాడు. మీ ఇంట్లోనూ ఇంతేనేమో. దండం పెట్టగానే దేవుడి వంతు అయిపోతుంది. తర్వాతదంతా మార్కుల వంతు. మన జిల్లాల్లోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఈ రెండింటినీ వేరు చేయకుండా బతికారు. ఆయనే ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడన్న బిరుదు మీరు వినే ఉంటారు. ఈ నెల మనిషి గురించి కూడా తెలుసుకోండి.

బలిజిపేట దగ్గర అజ్జాడలో 1864 ఆగస్టు 31న పుట్టారు. పెట్టిన పేరు సూర్యనారాయణ. ఇంట్లో కలిమి లేదు, పద్యం మాత్రం ఉంది. అయిదేళ్ల వయసులో ఓ పుస్తకాల దుకాణం ముందు నిలబడి భాగవతం కొనిపెట్టమని తల్లిని అడిగారట. ఇంత చిన్నవాడికి భాగవతమెందుకని కొట్టువాడు నవ్వితే, పిల్లవాడు పద్యాలు అందుకున్నాడట. పుస్తకం ఊరికే ఇచ్చి పంపించాడని చెప్పుకుంటారు.

తర్వాత విజయనగరంలో ఇంగ్లీషు చదువు. ఆ రోజుల్లో మెట్రిక్ దాటిన కుర్రాడికి ఉద్యోగం కష్టం కాదు. అప్పుడే మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథ చెబుతుంటే విన్నారు. ఆట, పాట, మాట, భక్తి అన్నీ ఒక్క మనిషిలో! తన దారి అదేనని తేల్చుకుని 1883లో, పందొమ్మిదేళ్లకే, ధ్రువ చరిత్రం రాసి చెప్పారు. తండ్రి ఒడిలో చోటు దొరకని పిల్లవాడి కథతో మొదలుపెట్టడం నాకెందుకో నచ్చుతుంది.

హరికథ అంటే మైకు ముందు నిలబడి నాలుగు పాటలు పాడటం కాదండీ. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో దండ. దైవప్రార్థనతో మొదలై మంగళంతో ముగుస్తుంది. మధ్యలో గంటల తరబడి ఒక్కరే రాజు, ఒక్కరే బంటు, ఒక్కరే తల్లి, ఒక్కరే బిడ్డ. దాసుగారు రెండు కాళ్లు, రెండు చేతులు, తల అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి చూపేవారు. కూర్చుని చేత్తో ఒక తాళం, కాలితో ఇంకొకటి వేసి చూడండి. ఎన్నేళ్ల సాధనో తెలుస్తుంది. ఆ సాధనే ఆయన పూజ. వచ్చిన విద్య ఇచ్చినవాడిదే కాబట్టి, దాన్ని మెరుగుపెట్టి ఆయన ముందే పెట్టాలన్నది ఆయన నడిచిన తీరు.

అలాగని సన్యాసి అనుకోకండి. మంచి తిండి, మంచి బట్ట, మెప్పు అన్నీ ఆయనకు ఇష్టమే. ఆత్మకథ ‘నా యెరుక’లో తన తప్పులు కూడా దాచకుండా చెప్పుకున్నారు. పిల్లల చేతికి ఇచ్చేముందు మీరు ఒకసారి చదవండి, కొన్ని పేజీలు పెద్దవాళ్లవి. అరబ్బీ, పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చిందీ ఈ రామభక్తుడే. చదువుకు గోడలు కట్టుకోలేదు.

అసలు కథ 1919లో వచ్చింది. విజయనగరం మహారాజు విజయరామ గజపతి సంగీత పాఠశాల పెట్టదలిచారు. చూపులేని ఒక పిల్లవాడికి పాట నేర్పించాలన్న తపన నుంచే ఆ ఆలోచన పుట్టిందని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. ప్రిన్సిపాల్‌గా దాసుగారే ఉండాలి. ఆయనేమో దేవుడికి తప్ప మనిషికి కొలువు చేయనన్న మనిషి. చివరికి పాఠశాలకు శ్రీ విజయరామ గాన పాఠశాల అని పేరు పెడితే, అది రాముడి కొలువే కదా అని ఒప్పుకున్నారంటారు. రాజుగారి పేరూ అదే! ఎవరూ చిన్నబోలేదు. నెల జీతం వచ్చే ఉద్యోగం, హాజరు పట్టీ, పరీక్షలు అన్నీ ఉన్నవే. పని మారలేదు, ఎవరికోసం చేస్తున్నదీ మారింది.

అది మాటవరసకే అన్నదా, నిజమా? ఒక్క సంగతి చూడండి. చూపు మందగించి బడి చదువు సాగని ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరాలని వచ్చారు. అప్పుడాయనకు పాతికేళ్లు దాటాయి. దాసుగారు ఆయన వయొలిన్ విని, నువ్వు నేర్చుకోవాల్సినవాడివి కాదు, నేర్పాల్సినవాడివంటూ అధ్యాపకుణ్ణి చేశారు. తన పదవి, తన పేరు అనుకునే మనిషి అయితే వచ్చినవాణ్ణి శిష్యుడిగా చేర్చుకుని ఊరుకునేవారు. 1936లో దాసుగారు దిగిపోయాక ఆ కుర్చీలో కూర్చున్నది ద్వారం వారే. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ ఆ బడిలోనే.

దాసుగారు 1945 జనవరి 2న కన్నుమూశారు. కాలేజీ ఇప్పటికీ కోటకు దగ్గర్లోనే ఉంది. శ్రీకాకుళం నుంచైనా పొద్దున్న బయలుదేరితే సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. పిల్లల్ని తీసుకెళ్లండి. సెలవు రోజు వద్దు, క్లాసులు జరిగే రోజు చూసుకుని వెళ్లండి.