జూదరి దిండు కింద కొత్త నిబంధన

సంక్రాంతి వస్తే ఖమ్మం, భద్రాచలం వైపు నుంచి మనవాళ్లు సరిహద్దు దాటి కోడిపందేలకు వెళ్లడం ఏటా చూస్తున్నదే. ఇప్పుడు పందెం అడవి పల్లెల్లోని సెల్‌ఫోన్‌లోకి కూడా వచ్చింది. పోయిన డబ్బు అందరికీ కనబడుతుంది. జూదరి మనసులో నలిగేది కనబడదు. రష్యా రచయిత దోస్తోయెవ్‌స్కీ జీవితం దాన్ని చూపిస్తుంది.

ఆయన 1821లో మాస్కోలో జన్మించారు. 1849లో రాజద్రోహ నేరంపై మరణశిక్ష పడింది. తుపాకుల ముందు నిలబెట్టాక చివరి క్షణంలో శిక్ష మార్చారు. సైబీరియాకు వెళ్లే దారిలో కొందరు స్త్రీలు ఇచ్చిన కొత్త నిబంధనను నాలుగేళ్ల చెరలో దిండు కింద దాచుకున్నారు. మూర్ఛరోగం ఆయనను జీవితాంతం వదల్లేదు. 1864లో భార్య, అన్న ఇద్దరూ చనిపోయారు. అన్న అప్పులు నెత్తిన పడ్డాయి. అప్పటికే జర్మనీ జూదశాలల్లోని రౌలెట్ చక్రం ఆయనను పట్టుకుంది.

1867లో రెండవ భార్య ఆన్నాతో బాడెన్‌లో ఉండగా పెళ్లి ఉంగరాలు, ఆమె బట్టలు తాకట్టుకు పోయాయి. ఆమె అప్పుడు గర్భవతి. ఓడి వచ్చి ఆమె ముందు మోకరించి ఏడ్చేవారు, తనను తానే నిందించుకునేవారు, మళ్లీ వెళ్లేవారు. మరుసటి ఏడు వారి మూడు నెలల పాప జెనీవాలో కన్నుమూసింది.

ఆన్నా దీన్ని మనసు బలహీనతగా కాక జబ్బుగా చూసింది. 1871లో వీస్‌బాడెన్‌లో చివరిసారి ఓడి, ఆయన ఇక ఆడలేదు. తర్వాతి పదేళ్లలోనే ‘కరమజోవ్ సోదరులు’ రాశారు. 1881లో మరణించేనాటికీ ఆ కొత్త నిబంధన ఆయన దగ్గరే ఉంది.

ఆన్నా చూసినట్టే నేడు వైద్యులూ చూస్తున్నారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. దిగులు, ఆందోళన, తాగుడు, చనిపోవాలనే తలంపు తరచుగా జూదం వెంట నడుస్తాయి. కొందరిలో దిగులే ముందుండి, దాన్ని మరచిపోవడానికే ఆట మొదలవుతుంది. అందుకే అప్పు తీర్చేసినంత మాత్రాన జబ్బు పోదు.

కాపరులారా, పెద్దలారా, జూదరిని సంఘం ముందు నిలబెట్టి సిగ్గుపరిస్తే అతడు మరింత దాక్కుంటాడు. అతని కోసం ప్రార్థించండి, మానసిక వైద్యుని దగ్గరకు తోడు వెళ్లండి. డబ్బు వ్యవహారం ఇంట్లో నమ్మకమైన వారి చేతికి మార్పించండి. చావు మాట అతని నోట వస్తే ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ ఆదివారం ఆ నంబరును మందిరం గోడ మీద రాయించండి.